ఆ 'నేను' ఎవరో కమిటీకి తెలియాలట

అన్నపూర్ణేశ్వరిగారు ఇరవయ్యేళ్లుగా మంత్రుల ఉత్తరాలు రాస్తున్నారు. మంత్రులు మారుతుంటారు, ఆవిడ కుర్చీ మారదు. తన నియోజకవర్గంలో ఫలానా పని ఎందుకు ఆగిపోయిందని ఒక ఎంపీగారు మంత్రిగారికి రాస్తారు. ఆ ఉత్తరం ఒక్కొక్క అంతస్తే దిగి, దారిలో అందరి పొట్టి సంతకాలూ మోసుకుని, చివరికి ఈవిడ బల్లమీద వాలుతుంది. ఈవిడ కళ్లజోడు చీరచెంగుతో తుడుచుకుని ఇంగ్లీషులో మొదలుపెడతారు: "మీ లేఖ అందింది. ఈ విషయాన్ని నేను పరిశీలింపజేశాను." ఆ 'నేను' మంత్రిగారన్నమాట. మోకాళ్ల నొప్పుల పెద్దాయన మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఆ 'నేను' నెమ్మదిగా, దీవిస్తున్నట్టు మాట్లాడేది. ఆయన దిగిపోయి ఓ కుర్ర మంత్రి వచ్చాక రెండు వాక్యాల్లో తేల్చేసేది.

"ఎవరి కొలతకి వాళ్ల గొంతు కుట్టివ్వడమే అమ్మాయ్ నా ఉద్యోగం. దర్జీ పని" అనేవారు.

యాభై దాటిన నన్ను 'అమ్మాయ్' అని పిలిచే మనిషి ఈ ఢిల్లీ మొత్తంలో ఆవిడ ఒక్కరే. అందుకని నేను ఆవిడ మాటకి ఎప్పుడూ అడ్డు చెప్పేదాన్ని కాదు. మా క్వార్టర్స్‌లో వాళ్లది రెండో అంతస్తు, మాది మూడోది.

అన్ని వేల ఉత్తరాల్లో 'నేను, నేను' అని రాసినా ఆవిడని ఏనాడూ ఎవరూ మంత్రి అనుకోలేదు. ఆఫీసు గేటు దగ్గర గార్డు రోజూ టిఫిన్ డబ్బా మూత తీసి చూపించమనే అన్నాడు. అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క కథని 'నేను' అని మొదలుపెట్టి రాస్తే, మా తెలుగువాళ్లందరం కలిసి ఆవిడని ఎంత విసిగించామో చెప్పాలి. విసిగించినవాళ్లలో మొదటిదాన్ని నేనే.

కథ ఇలా పుట్టింది. చలికాలంలో ఒక గురువారం సాయంత్రం అన్నపూర్ణగారు కళ్లజోడు ఫ్రేము మార్పించుకోవడానికి సాకేత్‌లో ఒక మాల్‌కి వెళ్లారు. మూడో అంతస్తులో, ఎస్కలేటర్ పక్కన బెంచీమీద, మా వెనక బ్లాకులో ఉండే రేవతి కనిపించింది. రేవతి అన్నది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. ఆ కుటుంబం బదిలీమీద ఢిల్లీ వదిలి వెళ్లాక, అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. మిగతా పేర్లు కూడా మార్చాను.

రేవతికి నలభై రెండేళ్లు. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో భర్త, అత్తగారు మాణిక్యాంబగారు, ఇద్దరు పిల్లలు. వీళ్లు చాలనట్టు, జియా సరాయ్‌లో కోచింగ్‌కి వచ్చిన బావగారి కొడుకు కూడా హాల్లో మంచం వేసుకున్నాడు. గదులు మాత్రం రెండే. ఆ ఇంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అత్తగారు కూరలు తరిగిపెడతారు, భర్త బట్టలు ఆరేస్తాడు. కానీ లోపల గడియ పెట్టుకోవడానికి వీలున్న తలుపు స్నానాలగదిది ఒక్కటే. అదీ అయిదు నిమిషాలు దాటితే ఎవరో ఒకరు వచ్చి కొడతారు. అందుకని రేవతి వారానికి ఒకసారి, ఆఫీసులో గురువారం మీటింగ్ ఉందని ఇంట్లో చెప్పి, ఆ బెంచీమీద గంటసేపు కూర్చుంటుంది. ఒక కప్పు మసాలా మొక్కజొన్న కొనుక్కుంటుంది. ఎవరితోనూ మాట్లాడదు, ఫోను తీయదు. గంట కాగానే మెట్రో ఎక్కి ఇంటికొచ్చి పప్పులో తాలింపు పెడుతుంది. ఇంతకుమించి ఏమీ లేదు.

"ఆంటీ, ఇంట్లో చెప్పకండి ప్లీజ్" అందట రేవతి, కప్పు వెనక్కి దాచుకుంటూ. "తెలిస్తే అత్తయ్య ఏడుస్తారు. ఆయనేమో 'ఇంట్లో నీకేం తక్కువైంది' అంటారు. అందరూ కలిసి నన్ను సుఖపెట్టడం మొదలుపెడతారు. ఇంక నాకు ఈ గంట ఉండదు."

చెప్పనని అన్నపూర్ణగారు మాట ఇచ్చారు. కానీ ఆ గంట ఆవిడని వదల్లేదు. పదిరోజులు తిరక్కుండా కథ రాసేశారు. పేరు పెట్టలేదు, పిల్లల్ని పెట్టలేదు, ఉద్యోగం ఏమిటో చెప్పలేదు. "నాకు గురువారం మీటింగ్ లేదు. ఉందని ఇంట్లో చెప్పాను. మొక్కజొన్న వేడిగా ఉంది. ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు" అని మొదలుపెట్టారు. రేవతిని దాచడానికి 'నేను'ని మించిన చోటు ఆవిడకి తోచలేదు. ఇరవయ్యేళ్లు ఆ మాట చాటున బతికిన మనిషి మరి. దాని వెనక ఎవరున్నారో జనం తొంగిచూడరన్నది ఆవిడ అనుభవం.

ఆవిడకి ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రాదు. కాగితాలు నాకిచ్చి టైపు చేయమన్నారు. నేను మధ్యాహ్నమంతా కూర్చుని టైపు చేసి, కళ్లు ఒత్తుకుని, ఒక గిన్నెలో సేమ్యా పాయసం పోసుకుని కిందికి దిగాను.

"మీకింత కష్టం ఉందని నాకు తెలియదండీ. పదేళ్లుగా నెత్తిమీదే ఉన్నాను, గమనించలేదు. ఇక గురువారాలు మా ఇంటికి వచ్చి కూర్చోండి. నేను ఒక్క మాట కూడా మాట్లాడను."

ఆవిడ పాయసం వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. "నువ్వు మాట్లాడకుండా ఉండటమా? అది నాకు ఇంకా భయం అమ్మాయ్. ఇంతకీ ఏ కష్టం?"

"కథలో రాశారుగా."

"కథలో 'నేను' నేను కాదు."

"అలాగే అంటారు లెండి" అన్నాను ఎంతో అర్థం చేసుకున్నదానిలా. ఇప్పుడు తలచుకుంటే నా మొహం నేనే చూసుకోలేను. ఎంత చెప్పినా నేను వినకపోతుంటే, విసిగిపోయి, నాచేత నా పిల్లలమీద ఒట్టు వేయించుకుని, రేవతి సంగతి చెప్పారు. అలా ఆ రహస్యానికి నేను మూడో మనిషినయ్యాను. నాలుగో మనిషి ఉండకూడదు. ఉంటే ఆ అమ్మాయి గంట పోతుంది. మా ఇద్దరికీ ఉన్న పనల్లా అదే.

కథ మా తెలుగు సంఘం ఉగాది సంచికకి వెళ్లింది. మా సంఘం కమిటీలో ఉన్నవాళ్లంతా ప్రభుత్వోద్యోగులు, కాకపోతే రిటైరైన ప్రభుత్వోద్యోగులు. పులిహోరకి వంటమనిషిని కుదుర్చుకోవాలన్నా ఒక ఫైలు తెరుస్తారు, అందులో ఎడమవైపు నోట్ షీటు పెడతారు, ఒకరి కింద ఒకరు అభిప్రాయం రాసి సంతకం పెడతారు. కథకీ అదే పద్ధతి. అధ్యక్షులు అనంతరామయ్యగారు డిప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యారు. ఇంట్లో మనవరాలి పుట్టినరోజు కేకు మీద రాయాల్సిన మాట కూడా డ్రాఫ్టు వేసి సంతకం పెడతారని ప్రతీతి.

నోట్ షీటు నేను కళ్లారా చూశాను. మొదటి పేరా: "కథ పరిశీలించడమైనది. భాష బాగున్నది." రెండో పేరా: "కథలో 'నేను' అనబడు స్త్రీ ఆఫీసు సమావేశము పేరిట కుటుంబమునకు అసత్యము చెప్పుచున్నది. రచయిత్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. సదరు సమావేశము ఏ శాఖలో చూపబడుచున్నదో, సదరు 'నేను' ఎవరో కమిటీకి తెలియవలసి యున్నది." దాని కింద ఆకుపచ్చ ఇంకుతో అనంతరామయ్యగారి ఒకే ఒక మాట: "మాట్లాడండి."

మాట్లాడటానికి ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాం. తోడుగా నన్ను తీసుకెళ్లారు. అక్కడ సాంస్కృతిక కార్యదర్శి కమలగారు కూడా ఉన్నారు. మా కాలనీ వార్తలన్నీ ఆవిడ చేతిమీదుగానే వెళతాయి.

"చెప్పండమ్మా, ఎవరీ 'నేను'?" అన్నారు అనంతరామయ్యగారు ఫైలు తాడు విప్పుతూ.

"ఎవరూ కాదు సార్. కథలో మనిషి."

"ఎవరూ కాకపోతే 'నేను' అని ఎలా అంటుంది?"

"అనిపించాను సార్. నేను."

"చూశారా, మళ్లీ 'నేను' అంటున్నారు" అన్నారు కమలగారు మెల్లగా.

అనంతరామయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. "నా ముప్పయ్యారేళ్ల సర్వీసులో ఒక్క సూత్రం నేర్చుకున్నానమ్మా. కాగితం మీద 'నేను' ఉందీ అంటే, అడుగున సంతకం ఎవరిదో చూడాలి. సంతకం ఎవరిదో 'నేను' వాడు. ఈ కథ అడుగున పేరు ఎవరిది?"

అన్నపూర్ణగారి ముక్కు పుటాలు అదిరాయి. ఆవిడ ఇలాంటి సందర్భం కోసమే ఇరవయ్యేళ్లుగా ఉద్యోగం చేస్తున్నట్టు ముందుకు జరిగారు. "సార్, మీరూ సర్వీసు చేసినవారే. మంత్రిగారి జవాబుల్లో 'నేను పరిశీలింపజేశాను' అని ఉంటుంది. ఆ 'నేను' రాసేది ఎవరు? నాలాంటి వాళ్లేగా. పెద్దాయన మోకాళ్లు నాకు నొప్పి పుట్టాయా? అయినా ఆయన గొంతుతో రాశానా లేదా? కథా అంతే సార్. వేరే మనిషి లోపల కూర్చుని రాస్తాం."

"బాగా చెప్పారు. మరి ఆ జవాబు అడుగున సంతకం ఎవరిది?"

"మంత్రిగారిది."

"దట్సాల్" అన్నారాయన తాడు మళ్లీ కట్టేస్తూ. "మీ కథ కిందా ఆ బెంచీ ఆవిడ చేత సంతకం పెట్టించుకు రండి. మాకేం అభ్యంతరం లేదు. లేదంటే మీరే ఒక అండర్‌టేకింగ్ రాసివ్వండి, ఆ 'నేను' మీరు కాదని, మీకు తెలిసినవారెవరూ కారని."

తెలిసినవారెవరూ కారని రాసిస్తే అబద్ధం. రాసివ్వనంటే ఇంకా అనుమానం. మెట్లు దిగుతున్నంతసేపూ అన్నపూర్ణగారు రెయిలింగ్‌ని చేత్తో కొడుతూనే ఉన్నారు.

ఇంతలో కథ కమలగారి చేతిమీదుగా సీతారామయ్యగారికి చేరింది. సీతారామయ్యగారు అన్నపూర్ణగారి భర్త. వేరే మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. పొద్దున పేపరు తప్ప ఏమీ చదవని మనిషి. ఆ రోజు కథ రెండుసార్లు చదివి, అన్నం సగంలో వదిలేసి లేచారట.

"నా ఇంట్లో నీకు కూర్చోవడానికి చోటు లేకపోయిందా, అన్నపూర్ణా?"

"ఏవండీ, అది కథ."

"కథని నాకూ తెలుసు. ఎవరి కథ అని అడుగుతున్నా."

కూతురు స్నిగ్ధ అక్కడే సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉంది. పుట్టడం, పెరగడం అంతా ఢిల్లీయే. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం సగమే వస్తుంది. "పాపా, ఇది ఫస్ట్ పర్సన్ నరేటర్. హమ్ నే ఎయిత్ మే పఢా థా. రైటర్ వేరు, నరేటర్ వేరు" అని ఎనిమిదో క్లాసు పాఠం గుర్తుచేసి తల్లిని వెనకేసుకొచ్చింది. హమ్మయ్య, ఇంట్లో ఒక్కరైనా చదువుకున్నవాళ్లున్నారని అన్నపూర్ణగారు పొంగిపోయేలోపే, వంటింట్లోకి వచ్చి, నిజం చెప్పమని చెవిలో అడిగిందట: "మమ్మా, సచ్ బతావో, థర్స్‌డే నువ్వు సీదా ఘర్ వస్తావా, లేదా?"

మర్నాడు గురువారం. సాయంత్రం అయిదున్నరకి అన్నపూర్ణగారు ఆఫీసు గేటు దాటేసరికి మఫ్లర్ చుట్టుకుని సీతారామయ్యగారు నిలబడి ఉన్నారు. అప్పటికే గార్డుని విచారించారు. గురువారం సాయంత్రం ఇక్కడ మీటింగులేమైనా జరుగుతాయా అంటే, "నహీ సాబ్, కభీ నహీ" అన్నాడట గార్డు.

"వింటివా" అన్నారు సీతారామయ్యగారు దారి పొడుగునా తల ఊపుతూ. "మీటింగ్ లేదట. కథలోనూ అదే ఉంది."

"లేదు కాబట్టే కదండీ నేను అయిదున్నరకే బయటికి వచ్చాను!"

"నన్ను చూసి వచ్చావు."

ఈ మాట నాకు చెబుతున్నప్పుడు ఆవిడ చేతిలో ఉన్న కరివేపాకు రెబ్బని దూసి దూసి ఈనెలు మాత్రం మిగిల్చారు. శనివారం ఆయన లాజ్‌పత్ నగర్ వెళ్లి ఒక కేన్ కుర్చీ కొనుక్కొచ్చి బాల్కనీలో వేశారు. "ఇక్కడ కూర్చో. నిన్ను ఎవరూ పలకరించరు" అన్నారు. కూర్చున్నారు. అయిదు నిమిషాలకి ఆయన తలుపు సందులోంచి, "కుర్చీ సుఖంగా ఉందా?" పది నిమిషాలకి, "దిండు కావాలా?" పావుగంటకి, "మొక్కజొన్న ఉడకబెట్టమంటావా?" అప్పుడర్థమైందట ఆవిడకి, రేవతి భయపడిన సుఖపెట్టడం అంటే ఏమిటో. చివరికి పంటి బిగువున స్నిగ్ధ మీద ఒట్టు పెట్టి, ఆ 'నేను' తను కాదని చెప్పారు. ఆయన మంచినీళ్లు తాగి, "అయితే సరే" అన్నారు. ఇంట్లో గొడవ తగ్గింది. కమిటీ మాత్రం తగ్గలేదు.

దారి అనంతరామయ్యగారే చూపించారు. "'నేను' తీసేసి 'ఆమె' అని పెట్టండమ్మా. ఎవరికీ బాధ్యత ఉండదు."

ఆ పని తేలికనుకున్నాం. నేనైతే ఫోన్‌లో ఒక్క మీటతో మార్చేద్దామనుకున్నాను. అన్నపూర్ణగారు రెండు వాక్యాలు చదివించుకుని తల అడ్డంగా ఊపారు.

"కుదరదు అమ్మాయ్. ఇప్పుడు నేను ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు."

"ఎక్కడేమిటి? కమిటీ ముందరా?"

"బెంచీ ముందర. మొదట నేను ఆ మనిషి లోపల కూర్చుని చూశాను. ఎస్కలేటర్ కనిపించింది, జనం కనిపించారు, మొక్కజొన్న కనిపించింది. తను కనిపించలేదు. ఎవరి మొహం వాళ్లకి కనబడదు కదా. ఇప్పుడు 'ఆమె' అన్నామంటే ఎవరో ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే. ఆ చూసేవాళ్లకి ముందు కనిపించేది మనిషి. చీర, చెప్పులు, చేతిలో ఏముందో. అవి రాయకపోతే 'ఆమె'కి ఒళ్లు ఉండదు."

వారం రోజులు తిరగరాశారు. విసుక్కుంటూ మొదలుపెట్టినా, రాయగా రాయగా ఆవిడకి అందులో రుచి దొరికింది. నాకు చదివి వినిపించారు: "సాయంత్రం ఆరింటికి ఆమె మూడో అంతస్తులో బెంచీమీద కూర్చుంది. ఒళ్లో గోధుమరంగు సంచీ. జిప్పు పాడైతే రెండు పెద్ద పిన్నీసులతో మూసింది. ఎడమకాలి చెప్పు విడిచి, ఆ కాలిని కుడిచెప్పు మీద పెట్టుకుంది. మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే తింటోంది, కప్పు త్వరగా అయిపోకుండా."

"మనిషి కళ్లకి కట్టినట్టుందండీ" అన్నాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు. కళ్లకి కట్టినట్టు రాయగలిగానన్న సంతోషంలో, ఆ కళ్లకి కట్టింది ఎవర్నో ఇద్దరం మరిచిపోయాం.

కమిటీ కొత్త ప్రతిని ఒక్కరోజులో ఆమోదించింది. ఆ ఆదివారం కమ్యూనిటీ హాల్లో సంచికకి వచ్చిన రచనలు చదివి వినిపించే కార్యక్రమం పెట్టారు. అరవైమంది దాకా వచ్చారు. సీతారామయ్యగారు మూడో వరసలో టీ కప్పుతో కూర్చున్నారు, ఇవాళ తనకే భయమూ లేదన్నట్టు. మాణిక్యాంబగారు కోడలితో వచ్చి మా ముందు వరసలో కూర్చున్నారు. రేవతి ఒళ్లో గోధుమరంగు సంచీ. రెండు పిన్నీసులు.

అన్నపూర్ణగారి మోచేతిని గిల్లాను. ఆవిడ చూశారు. అప్పటికే అనంతరామయ్యగారు మైకు ముందు నిలబడి, ఉత్తర్వులు చదివే గొంతుతో కథ మొదలుపెట్టేశారు.

"...ఒళ్లో గోధుమరంగు సంచీ. జిప్పు పాడైతే రెండు పెద్ద పిన్నీసులతో మూసింది..."

రేవతి సంచీని మెల్లగా కుర్చీ కిందికి తోసింది. తల తిప్పలేదు. అనంతరామయ్యగారు చెప్పుమీద కాలు దాటి, మొక్కజొన్న గింజల దాకా చదివేశారు.

"ఆగండాగండి" అన్నారు మాణిక్యాంబగారు మోకాలిమీద చేత్తో తడుతూ. "పిన్నీసుల సంచీయా? చెప్పు విడిచి చెప్పుమీద కాలు పెట్టుకోవడమా? ఇదేమిటే రేవతీ, అచ్చు నీలాగే ఉందే ఆ మనిషి!"

హాల్లో నవ్వులు. మాణిక్యాంబగారు కూడా నవ్వారు. ఆవిడకి అది ఒక వింత మాత్రమే. కానీ కమలగారు నవ్వలేదు. ఆవిడ కళ్లు సన్నబడ్డాయి.

"పిన్నిగారూ, మీ రేవతికి కూడా గురువారం గురువారం మీటింగ్ ఉంటుంది కదూ?"

నవ్వు ఆగింది. మాణిక్యాంబగారి నోరు ఇంకా తెరిచే ఉంది, కళ్లు మాత్రం కోడలివైపు తిరుగుతున్నాయి.

అన్నపూర్ణగారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆ సంచీ నాది" అన్నారు.

"మీకు అలాంటి సంచీ లేదే" అన్నారు కమలగారు.

"ఉండేది. ఇలాగే అందరూ చూస్తారని పారేశాను. కాలుమీద కాలు పెట్టుకునే అలవాటు నాది. మొక్కజొన్న తిన్నదీ నేనే. మొదట ఉన్నది ఉన్నట్టు 'నేను' అనే రాశాను. మీరంతా అడిగేసరికి సిగ్గేసి 'ఆమె' అని మార్చాను. ఇంక దాచేదేముంది? సార్, ఆ కాగితాలు ఇలా ఇవ్వండి. మొదటి ప్రతే వెయ్యండి. ఆ 'నేను' నేనే. కావాలంటే నోట్ షీటు మీద రాసిస్తాను."

అనంతరామయ్యగారి మొహం వెలిగిపోయింది. "నేను మొదటే చెప్పానమ్మా, సంతకం ఎవరిదో 'నేను' వాళ్లే!"

మాణిక్యాంబగారు కోడలి చెయ్యి పట్టుకుని, "పాపం, ఆవిడకి ఇంట్లో ఏం కష్టమో!" అన్నారు, గుసగుస అనుకుని, హాలంతా వినపడేలాగా. అందరి తలలూ మూడో వరసకి తిరిగాయి. సీతారామయ్యగారు ఖాళీ టీ కప్పునే మళ్లీ నోటికి ఎత్తుకున్నారు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆయన మా బ్లాకు మెట్ల దగ్గర ఆగి, "అబద్ధం చెప్పావని కాదు. పిల్లమీద ఒట్టు పెట్టావు" అన్నారు. అంతే. ఆవిడ అప్పుడూ నిజం చెప్పలేదు. రేవతి భర్తా, సీతారామయ్యగారూ రోజూ పొద్దున కలిసి నడకకి వెళతారు. సీతారామయ్యగారి కడుపులో మాట రెండో రౌండు దాకా కూడా ఆగదు. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

తర్వాత కూడా చెప్పలేదు. ఆయన ఇప్పుడు ఆవిడ గురువారాలని ఎంతో మర్యాదగా చూస్తున్నారు. ఆ రోజు ఆరింటినుంచి ఏడింటిదాకా టీవీ గొంతు తగ్గించి, స్నిగ్ధని కూడా "మీ అమ్మ టైమ్" అని నోరెత్తనివ్వరు. ఆవిడకేమో ఆ గంటలో పనంతా ఆగిపోయి, ఏం చేయాలో తోచక, బాల్కనీలో కూర్చుని రేపటి ఉత్తరాల గురించి ఆలోచిస్తారు. "చేయని తప్పుకి క్షమాపణ దొరికితే ఎంత చిరాగ్గా ఉంటుందో తెలుసా నీకు?" అంటారు నాతో. ఇది చదివితే ఆయనకి నిజం తెలిసిపోతుంది కదా అని మీరనుకోవచ్చు. చదవరు. ఆ ఆదివారం నుంచి ఆయనకి కథలంటే భయం పట్టుకుంది.

ఉగాది సంచిక వచ్చింది. కథ 'నేను'తోనే అచ్చయింది. అందరూ చదివారు. అదే అసలు గొడవైంది.

ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం నేనూ అన్నపూర్ణగారూ బేర్ సరాయ్‌లో జిరాక్స్ తీయించుకుంటున్నాం. ఆవిడవి ఏవో పెన్షన్ కాగితాలు. పక్కన దుకాణంలో రేవతి, ఇంట్లో ఉన్న కుర్రాడికి కోచింగ్ నోట్స్ కాపీలు తీయిస్తూ కనిపించింది. హాల్లో జరిగినదాని తర్వాత ఎదురుపడటం అదే మొదటిసారి. అన్నపూర్ణగారు మొహం చాటంత చేసుకుని ముందుకి వెళ్లారు. థాంక్స్ చెబుతుందనుకున్నారు, దాచడమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను.

"మీరు ఎందుకు రాశారాంటీ అసలు?" అంది రేవతి.

అన్నపూర్ణగారు తెల్లబోయారు. "అదేమిటమ్మా, నీ పేరు ఎక్కడా రాలేదుగా? అంతమందిలో నా మీద వేసుకున్నాను..."

"వేసుకున్నారు. కాదనను. నా పేరు రాలేదు. బెంచీ వచ్చింది కదా." రేవతి గొంతు పెరగలేదు, కానీ కాపీల కట్ట మూల నలుపుతోంది. "సాకేత్ మాల్, మూడో అంతస్తు, ఎస్కలేటర్ పక్కన అని రాశారు. కమలాంటీ వాళ్లు ఆరుగురు ఓ గురువారం చూడటానికి వచ్చారు, 'ఇదేనటే, ఇదేనటే' అనుకుంటూ. దానిమీద కూర్చుని ఫోటోలు దిగారు. నేను అటు పక్క చెప్పుల షాపులోకి దూరి, అక్కర్లేని జత ఒకటి కొనుక్కుని బయటపడ్డాను. తర్వాత వారం ఇంకో బ్యాచ్. మా అత్తయ్య కూడా వెళ్లాలంటున్నారు. 'నీ మీటింగ్ అయ్యాక అక్కడికి వచ్చెయ్, ఇద్దరం మొక్కజొన్న తిందాం' అంటున్నారు."

నోట్ షీటు విషయంలో అనంతరామయ్యగారికి ఎదురు తిరిగిన మనిషి, ఈ అమ్మాయి ముందు చేతిలోని పెన్షన్ కాగితాలని ఒకదానిమీద ఒకటి సర్దుతూ ఉండిపోయారు.

"నేను అంత లోపల కూర్చుని రాశాను" అన్నారు చివరికి. "బెంచీ నీకు ఎంత అవసరమో తెలుసుకునే రాశాను. అది బయటికి కూడా కనబడుతుందని..."

"కనబడుతుందాంటీ" అంది రేవతి. కోపం కొంచెం దిగినట్టుంది. "బాగానే రాశారు. అదే కష్టం. నేను ఏమనుకుంటూ కూర్చుంటానో నాకే తెలియదు, మీరు రాసింది చదివాక తెలిసింది. మొక్కజొన్న ఒక్కొక్క గింజే తింటానని మాత్రం మీకెలా తెలిసింది?"

"ఊహించాను."

"అది అచ్చు వెయ్యలేదు, హాల్లో చదివిందే. బతికిపోయాను."

దుకాణంవాడు కాపీల డబ్బులడిగాడు. రేవతి ఇచ్చి, కట్టని సంచీలో పెట్టుకుంది. సంచీ కొత్తది, నల్లది.

"మరి ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నావమ్మా?" అన్నారు అన్నపూర్ణగారు, ఉండబట్టలేక.

రేవతి ఆవిడ వంక ఒక్క క్షణం చూసింది. చూస్తూ చూస్తూనే నవ్వేసింది. "మీకా చెబుతాను?"

సందు చివర ఆటో ఆపింది. గురువారమే అది. ఎక్కి కూర్చుని, ఎక్కడికో డ్రైవరుకి వంగి వినపడకుండా చెప్పింది. ఆటో మలుపు దగ్గర నెమ్మదించింది. సాకేత్ వైపా, ఇటు ఇంటివైపా, ఇంకెటైనానా అని నేను మెడ చాచబోయాను. అన్నపూర్ణగారు నా భుజం పట్టుకుని గట్టిగా జిరాక్స్ మిషన్ వైపు తిప్పేశారు.

"మనకెందుకు అమ్మాయ్" అన్నారు. "చూస్తే రాస్తాను."